వెంబ్లీలో మ్యాచ్ అయ్యాక నాన్నగారితో ఈస్ట్ హ్యామ్ చేరడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇండియా నుంచి వచ్చిన నాన్నగారిని లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్తున్నారు. గురువారం రాత్రి 7:45కి మొదలు. ఆయనకు 67 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. మీరు ఉండేది లండన్ తూర్పున ఈస్ట్ హ్యామ్‌లో. మ్యాచ్ అయ్యాక అంతమంది జనంలో ట్యూబ్ (లండన్ భూగర్భ రైలు) ఎక్కడం అయ్యే పనేనా, లేక క్యాబ్ బుక్ చేసుకోవడం మేలా అని అడిగారు.

క్యాబ్ వద్దు. వెంబ్లీ పార్క్ స్టేషన్‌లో జూబిలీ లైన్ ఎక్కి వెస్ట్ హ్యామ్‌లో దిగండి. అక్కడ డిస్ట్రిక్ట్ లైన్ గానీ, హ్యామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ గానీ ఎక్కితే మూడో స్టాప్ మీదే. మధ్యలో ఒక్కసారి మారితే చాలు. కానీ చివరి విజిల్ పడగానే మాత్రం లేవకండి. ఐదు పది నిమిషాల ముందే బయటపడండి, లేదంటే ముప్పావు గంట ఆగి బయల్దేరండి. ఈ రెండింటి మధ్యలో బయల్దేరినవాళ్ళే నలిగిపోతారు. మీ నాన్నగారి సంగతి చూస్తే నేను ఆగమనే అంటాను. ఇండియా నుంచి వచ్చిన మనిషిని 85వ నిమిషంలో సీట్లోంచి లేపితే, మీరు బయట మెట్లు దిగుతుండగా లోపల గోల్ పడితే, ఆ మాట ఆయన జీవితాంతం అంటూనే ఉంటారు.

నాకెలా తెలుసంటే, ఇక్కడ ఎమ్మెస్సీ చదివే రోజుల్లో రెండు సీజన్లు వెంబ్లీ బయట స్టీవర్డ్‌గా పనిచేశాను. పసుపు జాకెట్ వేసుకుని జనానికి దారి చూపించే పని. ఇప్పుడు హ్యారోలో ఉంటాను, ఏడాదికి నాలుగైదు మ్యాచ్‌లు చూస్తాను. మన ఊళ్ళ నుంచి వచ్చిన పెద్దవాళ్ళను కూడా చాలాసార్లు తీసుకెళ్ళాను. కాబట్టి ఇది క్యూని రెండు వైపుల నుంచీ చూసినవాడి మాట.

ముందు లెక్క చూడండి. వెంబ్లీలో 90 వేల సీట్లు. చుట్టూ మూడు స్టేషన్లు ఉన్నాయి. ఉత్తరాన వెంబ్లీ పార్క్, అక్కడ జూబిలీ, మెట్రోపాలిటన్ లైన్లు. దక్షిణాన స్టేడియానికి బాగా దగ్గరగా వెంబ్లీ స్టేడియం స్టేషన్, అక్కడ చిల్టర్న్ రైళ్ళు. ఇంకొంచెం దూరంలో హై రోడ్డు మీద వెంబ్లీ సెంట్రల్, అక్కడ బేకర్లూ, ఓవర్‌గ్రౌండ్. స్టేడియం నిండిన రోజు సగం మందే వెంబ్లీ పార్క్ వైపు వస్తారనుకుందాం. 45 వేల మంది. ఒక ట్యూబ్ రైలులో కిక్కిరిసి ఎక్కినా తొమ్మిది వందలు, వెయ్యి. అంటే దాదాపు 50 రైళ్ళు కావాలి. మ్యాచ్ రోజుల్లో రెండు లైన్లలోనూ రైళ్ళు గబగబా వస్తూనే ఉంటాయి. అయినా 50 రైళ్ళు వెళ్ళాలంటే గంటకు తక్కువ పట్టదు. విజిల్ పడ్డ పావుగంటకు మీరు వెళ్ళి ఆ గంటకి మొదట్లో నిలబడతారు. ముప్పావు గంట ఆగి వెళ్తే ఆ గంటలో చాలా భాగం అప్పటికే గడిచిపోయి ఉంటుంది. ఇంటికి చేరే టైములో తేడా పది, పదిహేను నిమిషాలే. నిలబడే టైములో తేడా మాత్రం చాలా ఎక్కువ. మోకాళ్ళకి కావలసింది ఈ రెండో లెక్కే.

క్యూ ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చెప్తాను. తెలియనివాళ్ళు అక్కడే కంగారుపడతారు. స్టేడియం నుంచి వెంబ్లీ పార్క్ దాకా ఒలింపిక్ వే అనే వెడల్పాటి నడకదారి ఉంది. అందరూ వెంబ్లీ వే అంటారు. ఖాళీగా ఉంటే పది నిమిషాల నడక. స్టేషన్ దగ్గరకొచ్చాక బాబీ మూర్ బ్రిడ్జి కింద నుంచి వెళ్ళి మెట్లెక్కాలి. ఆ మెట్లకు కాస్త ముందు గుర్రాల మీద పోలీసులు అడ్డంగా నిలబడతారు. స్టీవర్డుల చేతుల్లో ఒక కర్రకి గుండ్రటి బోర్డు ఉంటుంది, ఒక వైపు ఆగండి, ఇంకో వైపు వెళ్ళండి అని. లోపల ప్లాట్‌ఫాం మీద చోటు అయ్యేదాకా బోర్డు ఆగమంటుంది. తర్వాత తిప్పుతారు. కొన్ని వందల మంది కదులుతారు, మళ్ళీ బోర్డు తిరుగుతుంది.

ఆ బోర్డు పట్టుకుని చాలా రాత్రులు నిలబడ్డాను. నవంబరు చలిలో వెనకాల గుర్రం ఊపిరి ఆవిరి నా మెడ మీద పడుతుండేది. పక్కన బర్గర్ బండి మీద ఉల్లిపాయలు వేగే వాసన, ముందు వేల మంది ఒకే పాట. ఒకసారి ఒక పెద్దాయన ముందు వరసలోకి వచ్చి ఇంకా ఎంతసేపు బాబూ అని అడిగాడు. పది నిమిషాలు అన్నాను. పావుగంట అయింది. ఆయన కోపం నాకు ఇప్పటికీ గుర్తుంది. నాతో పనిచేసే ఒక సీనియర్ తర్వాత చెప్పాడు, నిమిషాలు చెప్పకు, ఇంకో రెండు రైళ్ళు అని చెప్పు అని. అప్పట్నుంచీ అలాగే చెప్పేవాణ్ణి, గొడవ తగ్గింది. మీరూ క్యూలో నాన్నగారికి నిమిషాలు చెప్పకండి. బోర్డు ఎన్నిసార్లు తిరిగితే మన వంతు వస్తుందో లెక్కపెట్టుకోమనండి. టైమ్‌పాస్ కూడా.

అలా ఆపడం చూసి చాలామంది పోలీసులు కావాలని వేధిస్తున్నారనుకుంటారు. కాదు. 1971 జనవరి 2న గ్లాస్గోలో రేంజర్స్, సెల్టిక్ మ్యాచ్ అయ్యాక ఇబ్రాక్స్ స్టేడియంలో 13వ నంబరు మెట్ల దారిలో బయటికి వెళ్తున్న జనం ఒకరి మీద ఒకరు పడి 66 మంది చనిపోయారు. లోపలికి రావడం కంటే బయటికి వెళ్ళడమే ప్రమాదం. వచ్చేటప్పుడు జనం మూడు గంటల్లో విడతలు విడతలుగా వస్తారు, వెళ్ళేటప్పుడు అందరూ ఒక్కసారే. అందుకే జనాన్ని మెట్ల మీద కాకుండా, మెట్లకు ముందు చదునైన చోట ఆపుతారు. వెంబ్లీకి గుర్రంతో బంధం పాతదే. 1923లో అక్కడ జరిగిన మొదటి ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ క్లబ్బుల ఫుట్‌బాల్ కప్పు) ఫైనల్‌కి లెక్కలో 1,26,047 మంది, నిజానికి ఇంకా చాలా ఎక్కువమంది వచ్చి మైదానంలోకి పొంగిపోతే, బిల్లీ అనే తెల్ల గుర్రం మీద ఒక కానిస్టేబుల్ వాళ్ళను మెల్లగా వెనక్కి జరిపాడు. ఇప్పుడు వెంబ్లీ స్టేడియం స్టేషన్ దగ్గరున్న వంతెన పేరు వైట్ హార్స్ బ్రిడ్జి. నాన్నగారికి ఈ కథ చెప్పండి, క్యూలో ఒక రెండు రైళ్ళు గడిచిపోతాయి.

ఇక ఆ ముప్పావు గంట ఎక్కడ కూర్చోవాలి? మొదటి పది, పదిహేను నిమిషాలు మీ సీట్లలోనే. స్టీవర్డులు ఊడ్చినట్టు అందరినీ కదిలించేదాకా ఎవరూ ఏమీ అనరు. మోకాళ్ళ నొప్పి అని చెప్తే ఇంకాస్త ఓపిక పడతారు. లేచాక లోపలే టాయిలెట్‌కి వెళ్ళి రండి. వెంబ్లీలో 2,618 టాయిలెట్లు ఉన్నాయని గొప్పగా చెప్పుకుంటారు, బయటికి వచ్చాక క్యూలో ఒక్కటి దొరకదు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. తర్వాత స్టేడియం పక్కనే లండన్ డిజైనర్ ఔట్‌లెట్ అనే షాపింగ్ సెంటర్ ఉంది. తినే చోట్లు ఉంటాయి కానీ మ్యాచ్ రోజు అవన్నీ నిండిపోతాయి. మీకు కావలసింది ఒక బెంచీ, ఒక వేడి టీ, అంతే. బాక్స్‌పార్క్ అనే తిండీ, బీరూ దొరికే చోటికి మాత్రం వెళ్ళకండి, అక్కడ గెలిస్తే బీరు గాల్లోకి లేస్తుంది.

మెట్ల సంగతి. స్టేడియం ముందర ఒలింపిక్ వే వైపు ఇప్పుడు పెద్ద మెట్ల వరస ఉంది. పాత వాలు దారి తీసేసి అవి కట్టారు. అక్కడా, స్టేషన్ మెట్ల దగ్గరా లిఫ్ట్ దారి ఎటు అని స్టీవర్డ్‌ని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. వెంబ్లీ పార్క్ స్టేషన్‌లో వీధి నుంచి ప్లాట్‌ఫాం దాకా లిఫ్టులున్నాయి, వెస్ట్ హ్యామ్‌లో కూడా ఉన్నాయి. నా స్టీవర్డ్ రోజుల్లో ఎవరైనా పెద్దాయన కాళ్ళు నొప్పి అంటే వెంటనే పక్కకు పిలిచి పంపేవాళ్ళం. మనవాళ్ళే అడగరు. కొడుకు అడగబోతే నాకేం నడవగలనురా అని తండ్రి వారిస్తాడు. అదంతా మీరు ఇంట్లోనే మాట్లాడుకుని రండి. వీలైతే టికెట్లు కూడా కింది అంచెలో తీసుకోండి. పై అంచె నుంచి దిగిరావడమే ఒక ప్రయాణం.

ఇప్పుడు లైన్ల విషయం. నేను జూబిలీ అన్నాను, కానీ మోకాళ్ళకు ఇంకా నయమైన దారి ఒకటుంది, ఒక షరతు మీద. వెంబ్లీ పార్క్‌లో ఆల్డ్‌గేట్ అని బోర్డున్న మెట్రోపాలిటన్ రైలు దొరికితే ఎక్కేయండి. వెంబ్లీ పార్క్ తర్వాత నేరుగా ఫించ్‌లీ రోడ్డులోనే ఆగుతుంది. రైలు పెద్దది, ఈ చివర నుంచి ఆ చివరకు లోపలే నడవచ్చు. లివర్‌పూల్ స్ట్రీట్‌లో దిగి అదే ప్లాట్‌ఫాం మీద నిలబడితే బార్కింగ్ వెళ్ళే హ్యామర్‌స్మిత్ అండ్ సిటీ రైలు వస్తుంది, అది నేరుగా ఈస్ట్ హ్యామ్‌లో దింపుతుంది. ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు. షరతేమిటంటే, కొన్ని మెట్రోపాలిటన్ రైళ్ళు బేకర్ స్ట్రీట్‌తోనే ఆగిపోతాయి. అందులో ఎక్కితే అక్కడ దిగి, మెట్లెక్కి వేరే ప్లాట్‌ఫాంకి పోవాలి. కాబట్టి బోర్డు చూసి ఎక్కండి. ఆల్డ్‌గేట్ బండి కోసం రద్దీలో పావుగంట నిలబడటం కూడా దండగ. లేకపోతే జూబిలీనే.

జూబిలీలో కూడా ఒక చిన్న తిరకాసు ఉంది. స్ట్రాట్‌ఫర్డ్ అని ఉన్న రైలు వెస్ట్ హ్యామ్ వెళ్తుంది. కొన్ని నార్త్ గ్రీనిచ్‌లోనే ఆగిపోతాయి. కంగారు లేదు, అక్కడ దిగి వెనకాల వచ్చే బండి ఎక్కితే సరిపోతుంది. వెంబ్లీ పార్క్ నుంచి వెస్ట్ హ్యామ్‌కి ముప్పావు గంట పైనే పడుతుంది. అంతసేపు నిలబడటం ఆయన వల్ల కాదు కాబట్టి తలుపు దగ్గరుండే ప్రత్యేక సీట్ల వైపు వెళ్ళి, కూర్చున్నవాళ్ళని మర్యాదగా అడగండి. లండన్‌లో ఎవరూ తలెత్తి చూడరు కానీ అడిగితే లేస్తారు. ప్లీజ్ ఆఫర్ మీ ఎ సీట్ అని రాసి ఉన్న నీలం బ్యాడ్జి ఒకటి ఉచితంగా ఇస్తారు, ఇప్పుడే అప్లై చేస్తే పోస్టులో వస్తుంది. ఆయన ఇక్కడున్నన్నాళ్ళూ పనికొస్తుంది. అదీ కాకపోతే, బేకర్ స్ట్రీట్, బాండ్ స్ట్రీట్ దాటేసరికి బండి సగం ఖాళీ అవుతుంది.

మిగతా రెండు స్టేషన్లు మీకు అంత ఉపయోగం లేదు, ఇది చదివే వేరేవాళ్ళ కోసం చెప్తున్నాను. చిల్టర్న్ రైలు పది నిమిషాల్లో మారిల్‌బోన్ చేరుస్తుంది, ఆయిస్టర్ కార్డు (ముందే డబ్బు వేసుకునే లండన్ ప్రయాణ కార్డు) పనిచేస్తుంది. అక్కడ లండన్ వైపుకి ఒక క్యూ, బర్మింగ్‌హామ్ వైపుకి ఇంకో క్యూ విడివిడిగా కడతారు. బర్మింగ్‌హామ్‌లో చదివే మన పిల్లలు చాలామంది తెలియక లండన్ క్యూలో నిలబడి, ముందుదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తుంటారు. వెంబ్లీ సెంట్రల్‌కి పదిహేను, ఇరవై నిమిషాల నడక. అక్కడి ఓవర్‌గ్రౌండ్ లైన్‌కి 2024లో లయనెస్ లైన్ అని పేరు పెట్టారు, 2022 యూరో ఫైనల్‌ని వెంబ్లీలోనే గెలిచిన ఇంగ్లండ్ మహిళల జట్టు గుర్తుగా. మోకాళ్ళు బాగున్నవాళ్ళకి నేను ఇటే చెప్తాను. స్టేషన్ దగ్గరే ఈలింగ్ రోడ్డు మొదలవుతుంది. మొత్తం మన దేశీ కొట్లు, దోసెల హోటళ్ళు. దోసె తిని, కాఫీ తాగి లేచేసరికి రద్దీ తగ్గిపోతుంది.

బస్సు? 18వ నంబరు యూస్టన్ దాకా వెళ్తుంది. మ్యాచ్ రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. మీరు దాని గురించి ఆలోచించకండి.

క్యాబ్ ఎందుకు వద్దన్నానో చెప్పకపోతే మీరు ఎలాగూ బుక్ చేస్తారు, అందుకని నా కథ చెప్తాను. ఆరేళ్ళ క్రితం మా మేనమామ తెనాలి నుంచి వచ్చాడు. పెద్దాయన కదా, ట్యూబ్‌లో ఎందుకు అని యాప్‌లో క్యాబ్ పెట్టాను. స్టేడియం చుట్టూ రోడ్లు మూసేసి ఉన్నాయి. మ్యాప్‌లో కారు ఆరు నిమిషాల దూరంలో ఉందన్నది ఇరవై నిమిషాలైనా ఆరు నిమిషాల దూరంలోనే ఉంది. ఆ డ్రైవర్ రద్దు చేశాడు. రెండోవాడు కూడా రద్దు చేశాడు, ఈలోగా రేటు మామూలుకు రెండింతలు దాటింది. మూడోవాడు, మీరే ఇటు నడిచి రండి అని ఒక చోటు చెప్పాడు. నడిచాం. మామయ్య ఏమీ అనలేదు, మధ్యలో ఒక గోడ మీద కూర్చుని బూటు విప్పి మడమ చూసుకున్నాడు. చివరికి కారు ఎక్కేసరికి స్టేషన్‌కి నడవాల్సిన దూరానికి మూడింతలు నడిచాం. క్యాబ్ తప్పదనుకుంటే కనీసం ట్యూబ్‌లో నాలుగు స్టేషన్లు దాటి, అక్కడ దిగి పిలవండి.

డబ్బులు, ఫోను విషయంలో మూడు మాటలు. ఇద్దరికీ వేరు వేరు కార్డులు ఉండాలి, ఒకే కార్డు ఇద్దరికీ కొట్టడం కుదరదు. నాన్నగారికి ఒక ఆయిస్టర్ తీసుకోండి, ఆయన ఇండియా బ్యాంకు కార్డు మీద విదేశీ ఛార్జీల గొడవ ఉండదు. రద్దీలో కొన్నిసార్లు గేట్లు తెరిచి పెడతారు, అప్పుడు కూడా పసుపు రీడర్ మీద కార్డు పెట్టే వెళ్ళండి. లేకపోతే దిగేచోట ఎక్కువ కోసేస్తారు. ఫోన్‌తో చెల్లించేవాళ్ళు బ్యాటరీ చూసుకోండి, దారిలో ఫోన్ చచ్చిపోతే అదే సమస్య. అన్ని వేల మంది ఒకేసారి వీడియోలు పంపుతుంటే నెట్‌వర్క్ ఎలాగూ మొరాయిస్తుంది, కాబట్టి దారి మ్యాపు ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

నెట్‌వర్క్ అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. తప్పిపోతే ఎక్కడ కలవాలో లోపలికి వెళ్ళేటప్పుడే అనుకోండి. చాలామంది బాబీ మూర్ విగ్రహం దగ్గర అనుకుంటారు. అందరూ అదే అనుకుంటారు కాబట్టి అక్కడ మనిషిని పట్టుకోవడం తిరుపతిలో గుండు గుర్తుపట్టినట్టే. మీరు వెళ్ళే గేటు అక్షరం నాన్నగారికి ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టండి, మీ ఫోన్ నంబరుతో సహా.

మీది మామూలు అంతర్జాతీయ మ్యాచ్ కాబట్టి అందరూ ఒకేసారి లేస్తారు. రేపెప్పుడైనా కప్ ఫైనల్‌కి వెళ్తే లెక్క వేరు. ఓడిన జట్టువాళ్ళు ముందే, తల వంచుకుని వెళ్ళిపోతారు. గెలిచినవాళ్ళు కప్పు ఎత్తేదాకా, జట్టు మైదానం చుట్టూ తిరిగేదాకా కదలరు. కాబట్టి జనం రెండు అలలుగా వస్తారు, ఆ మధ్యలో ఓ పది, పదిహేను నిమిషాలు ఒలింపిక్ వే పలచబడుతుంది. బయల్దేరాల్సింది అప్పుడే. కాకపోతే ఫైనల్‌కి ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు ఉండొచ్చు, చివరి రైలు లెక్కలో ఓ గంట కలుపుకోండి. శుక్ర, శనివారాల్లో జూబిలీ రాత్రంతా నడుస్తుంది కాబట్టి భయం లేదు. మీ గురువారం అలా కాదు, కానీ మ్యాచ్ 9:40 ప్రాంతంలో అయిపోతుంది. ముప్పావు గంట ఆగినా పదిన్నరకి స్టేషన్‌లో ఉంటారు. టెన్షన్ అక్కర్లేదు.

ఒలింపిక్ వే మీద గాలి బాగా కోస్తుంది, నాన్నగారికి మంకీ క్యాప్, గ్లవ్స్ మర్చిపోకండి. వెస్ట్ హ్యామ్‌లో లిఫ్ట్ ఎక్కి పైకి వచ్చాక, తూర్పు వైపు వెళ్ళే డిస్ట్రిక్ట్, హ్యామర్‌స్మిత్ అండ్ సిటీ ప్లాట్‌ఫాం మీద మొదట ఏ బండి వస్తే అది ఎక్కేయండి. బోర్డు మీద అప్‌మిన్‌స్టర్ అని ఉన్నా, బార్కింగ్ అని ఉన్నా ఈస్ట్ హ్యామ్‌లో ఆగుతుంది.